నాలుక మార్కులు వేసిన ఆదివారం

1987 వేసవి మొదట్లో మాట. బాపట్లలో పంటల మీద పరిశోధన చేసే ఒక ఆఫీసులో నేను టెక్నికల్ అసిస్టెంటుని. పేరు పెద్దదే గాని, చేసే పని తినడం. తిని, ఎలా ఉందో చెప్పడం. కొత్త వరి రకం వస్తే అన్నం వండి రుచి చూసేవాళ్ళం. పండ్ల రసం తీస్తే అదీ చూసేవాళ్ళం. ఊళ్ళో ఆడవాళ్ళందరూ పొయ్యి దగ్గర ఊరికే చేసే పనికి నీకు సర్కారు జీతం ఇస్తోందే అని మా అమ్మ నవ్వేది.

దాన్ని సెన్సరీ ఎవాల్యుయేషన్ అంటారు. యంత్రం చెప్పలేని సంగతిని మనిషి నాలుకతో చెప్పించడం అన్నమాట. రుచి చూసే బృందాన్ని ప్యానెల్ అంటాం. ప్యానెల్లో ఉన్నవాళ్ళు ఆ పూట పౌడరు రాసుకోకూడదు, కాఫీ తాగకూడదు, తలలో మల్లెపూలు పెట్టుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, రుచి చూసిందాన్ని మింగకూడదు. పక్కన పెట్టిన జాడీలో ఉమ్మెయ్యాలి. మింగుతూ పోతే కడుపు నిండి నాలుక మొద్దుబారుతుంది. బయట ఎక్కడ ఉమ్మినా తప్పుగాని, మా గదిలో ఉమ్మకపోతే తప్పు. ఏళ్ళ తరబడి అలా చేసీ చేసీ, నోట్లో పడిందాన్ని ముందు పరీక్షించడం, తేడాగా ఉంటే ఉమ్మడం నాకు రెప్ప వేసినంత అలవాటైపోయింది.

ఆ ఏడు మా పని జీడిమామిడి పండు మీద. గింజ తీసుకుని పండు పారేస్తారు కదా. చీరాల వైపు తోటల్లో ఆ పండ్లు కుప్పలు కుప్పలుగా కుళ్ళిపోతుండేవి. రసం తీసి సీసాల్లో పోసి అమ్మొచ్చు, కానీ దాని వగరు గొంతు పట్టేస్తుంది. వగరు ఎంతవరకు మనిషికి నచ్చుతుంది, ఎక్కడ మొదలై భరించలేనిదవుతుంది అన్నది మేము తేల్చాలి. మేమేమో వగరు అనగానే ముఖాలు చిట్లించి సున్నాలు వేసి కూర్చునేవాళ్ళం.

మాకు శిక్షణ ఇవ్వడానికి ఆస్ట్రేలియా నుంచి హెలెన్ అని ఒకామె వచ్చారు. యాభై దాటిన మనిషి, మా ద్వారబంధాలకు తల తగిలేంత పొడుగు. దక్షిణ ఆస్ట్రేలియాలో మూడు తరాలుగా వాళ్ళది ద్రాక్షతోట. మాలాగే లూథరన్లు. వచ్చిన మొదటి ఆదివారమే బాపట్లలో చర్చి ఎక్కడని అడిగి, నా పక్కనే చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. లేచేటప్పుడు మాత్రం ఇద్దరం పట్టి లేపాల్సి వచ్చింది.

ఒకరోజు మా మార్కులు చూసి ఆవిడ విసుక్కున్నారు. "వగరు తప్పు కాదు. డబ్బులిచ్చి కొనుక్కుని మరీ ప్రేమగా పుచ్చుకునే వగరు ఒకటుంది. అది తెలియకుండా మీకు ఈ పాఠం రాదు" అని, వాళ్ళ దేశం నుంచి తెచ్చిన చెక్కపెట్టె తెరిచారు. గడ్డిలో పొదిగిన నల్లటి సీసాలు. ఆస్ట్రేలియా రెడ్ వైన్.

మా డైరెక్టరు గారు లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చారు. "పరిశోధన కదా, తప్పదు. బయటికి మాత్రం పొక్కనివ్వకండి" అన్నారు. ఆ వారమంతా మా ప్యానెల్లో ఒక్కరు సెలవు పెడితే ఒట్టు. జ్వరంతో ఇంట్లో ఉన్నాయన కూడా మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. ఆచారం గల ఒకాయన మాత్రం నోట్లో పోసుకోకుండా వాసన చూసి మార్కులు వేస్తానన్నాడు. ప్యానెల్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. పైగా సంఘపెద్ద కూతుర్ని.

మా నాన్న దేవసహాయం మాస్టారు రేపల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరుగా చేసి రిటైరయ్యాడు. మా పేటలోని చిన్న చర్చిలో ఆయన సంఘపెద్ద. పండుగనాడు ప్రభువు బల్ల దగ్గర పాస్టరు అయ్యగారు ప్రభువు శరీరమని రొట్టె ఇస్తూ వెళితే, వెనకే ప్రభువు రక్తమని ఇచ్చే ద్రాక్షారసం గ్లాసుల ట్రే పట్టుకుని వెళ్ళేది ఆయనే. ఆ రసం తయారయ్యేదీ మా ఇంట్లోనే. నల్లద్రాక్ష పిసికి, పంచదార కలిపి, జాడీకి గుడ్డ కట్టి నానబెట్టి, వడగట్టి, లవంగాలు వేసి అమ్మ పెట్టేది. మా ఇంటికి ఊళ్ళో ఉన్న గౌరవమంతా ఆ ట్రేలో ఉండేది. మాకు పొలాలూ లేవు, మేడలూ లేవు.

అలాంటి ఇంటి పిల్లని, వైన్ ముందు కూర్చున్నాను.

గదిలో వేడి ఎక్కువని మావాళ్ళు సీసాల్ని ఫ్రిజ్‌లో పెట్టబోతే హెలెన్ గారు ఆపారు. బాగా చల్లబడితే వగరు మరీ గరుకుగా తేలుతుందట. మరీ వేడిగా ఉంటే స్పిరిటు వాసన ముక్కులో గుచ్చుతుందట. తడిగోనె చుట్టి కిటికీ దగ్గర పెట్టించారు. వైన్ గ్లాసులు మా దగ్గరెక్కడివి? లేబరేటరీలో అడుగు వెడల్పు, మూతి సన్నం ఉండే గాజు ఫ్లాస్కులుంటాయి కదా, వాటిలో పోశారు. తిప్పితే వాసన లోపలే నిలుస్తుంది, ఇంతకంటే మంచి గ్లాసు మా ఊళ్ళోనూ లేదని మెచ్చుకున్నారు కూడా.

మొదటిది షిరాజ్ అనే ద్రాక్ష నుంచి తీసింది. నేరేడుపండు తొక్క రంగు. వెలుతురుకి పెట్టినా అవతలి వేళ్ళు కనిపించనంత చిక్కన. "ముందు చూడు. తరవాత వాసన. తరవాత కొంచెం నోట్లోకి తీసుకుని, పెదాలు సున్నాలా చుట్టి కాస్త గాలి లోపలికి పీల్చు. చప్పుడైతే అవనీ" అన్నారు. వేడి చారు జుర్రినట్టు చప్పుడు. ఆడపిల్ల అలా జుర్రితే మా అమ్మ నెత్తిన మొట్టేది.

"ఏం తెలుస్తోంది?" అని అడిగారు.

"వగరుగా ఉందండి."

"అది అందరూ చెబుతారు. వగరు వెనకాల ఏముంది?"

మళ్ళీ పుచ్చుకున్నాను. వగరు వెనకాల బాగా ముగ్గిన నేరేడుపండు ఉంది. దాని వెనకాల దంచిన మిరియం. ఇంకాస్త ఆగితే లవంగం, చివర్లో ఎక్కడో చుట్ట పొగాకు కట్ట విప్పినప్పటి వాసన. నాకు ఆశ్చర్యం వేసింది. ఒక్క గుక్కలో ఇన్ని గదులున్న ఇల్లు నేనెప్పుడూ చూడలేదు. ఒక్కొక్కటే చెబుతుంటే హెలెన్ గారి ముఖం విప్పారింది.

బాడీ అంటే ఏమిటో ఆరోజే తెలిసింది. నోట్లో ఉన్నప్పుడు తెలిసే బరువు, చిక్కదనం. "వెన్న తీసేసిన పలచటి మజ్జిగ, మీ గేదెపాలు ఒకదాని తరవాత ఒకటి తాగి చూడు, అదే తేడా" అన్నారు. ఆవిడ తెచ్చినవన్నీ గేదెపాల జాతివే. వగరు పుట్టించే పదార్థం పేరు టానిన్. పచ్చివక్క కొరికితే చిగుళ్ళు పట్టినట్టవుతుంది చూడండి, అది. మంచి వైన్‌లో అది రంపంలా కొయ్యదు, ముతక పట్టుగుడ్డలా నాలుక మీద ఆనుతుంది. ఇక ఫినిష్ అంటే, ఉమ్మేశాక కూడా నోట్లో రుచి నిలిచే తీరు. చవకబారువి ఉమ్మగానే మాయమైపోతాయి. మంచివి మనం వేరే మాటల్లో పడ్డాక కూడా ఉంటాయి.

రెండోది కాబర్నె అనే ఇంకో ద్రాక్షది. అందులో ద్రాక్షతొక్క, పసరు వాసన, కొత్త పెన్సిలు చెక్కిన వాసన. అది కొంచెం బిగుసుకుని కూర్చునే రకం. నాకు మొదటిదే నచ్చింది.

చివరిరోజు ఒక పాత సీసా తీశారు. వాళ్ళ నాన్నగారి చేతి షిరాజట. అడుగున మడ్డి కదలకుండా, టార్చిలైటు ముందు పెట్టి, చాలా నిదానంగా వంచి పోశారు. ఎర్రదనం తగ్గి ఇటుక రంగు తిరిగింది. ఎండు ఖర్జూరం, తోలు, వాన పడ్డ మట్టి. వగరు మొత్తం మెత్తబడిపోయి, గొంతు దాకా వెచ్చగా ఉంది. జాడీ పక్కనే ఉంది. ఉమ్మాలి. ఉమ్మబుద్ధి కాలేదు. మింగేశాను.

హెలెన్ గారు చూసి చిన్నగా నవ్వారు. నాకు మాత్రం చెవుల దాకా సిగ్గు కమ్మింది. రుచి చూసినందుకు కాదు, అది ఉద్యోగం. నచ్చినందుకు. హాస్టల్‌కి వెళ్ళేదారిలో యాలకులు కొనుక్కుని నములుతూ, ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ దూరంగా జరుగుతూ నడిచాను. నాన్న ఉత్తరంలో ఏం పరిశోధన చేస్తున్నారమ్మాయ్ అని అడిగితే, జీడిమామిడి రసం నాన్నా అని రాశాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఈస్టర్‌కి ఇంటికి బయల్దేరాను. బాపట్ల నుంచి తెనాలి, అక్కడ దిగి రేపల్లె పాసింజరు ఎక్కాలి. తెనాలిలో అక్క పురిటి కోసం అమ్మ వచ్చి ఉంది. బిడ్డని చూసి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది.

"ఈసారి బల్లకి రసం మీ నాన్నే పెట్టాడంట. జాడీ పగిలిందని కబురు పంపాడు. దేంట్లో పోశాడో ఏంటో, ఒకసారి చూసుకో అమ్మాయ్" అంది.

"నాన్నకి తెలీదా ఏంటమ్మా" అని రైలందుకునే తొందర్లో వచ్చేశాను.

ఈస్టర్ ఉదయం చర్చి కిటకిటలాడింది. తెల్లచీరలు, తెల్లపంచెలు, కొత్త సున్నం వాసన. నాన్న కండువా సర్దుకుని, ట్రే మీద కప్పిన లేసు గుడ్డ తీసి మడతపెట్టాడు. ముందు మగవాళ్ళ వరస ఒకటి అయింది. తరవాత మా ఆడవాళ్ళ వరస వెళ్ళి మోకరించాం. వరసలో మొదట నేను, నా పక్కన మరియమ్మత్త. చిన్నప్పుడు నన్నెత్తుకు తిప్పిన మనిషి. అయ్యగారు రొట్టె ఇచ్చి ముందుకు జరిగారు. నాన్న నా ముందుకు వచ్చి ట్రే వంచాడు. చిన్న గ్లాసు తీసుకుని నోట్లో పోసుకున్నాను.

పెదాలు వాటంతటవే సున్నాలా చుట్టుకున్నాయి. గాలి లోపలికి వెళ్ళింది. పిన్ను పడితే వినిపించే ఆ నిశ్శబ్దంలో చారు జుర్రిన చప్పుడు. మరియమ్మత్త తల తిప్పి చూసింది. అంతలోనే నాలుక తన పని మొదలుపెట్టేసింది. పలచన. బాడీ లేదు. తీపి ముందుకొచ్చి కూర్చుంది. వగరు లేదు, ఫినిష్ లేదు. ప్రభువు రక్తమని చేతికిచ్చినదానికి, మా నాన్న చేత్తో పెట్టినదానికి నేను తక్కువ మార్కులు వేస్తున్నాను.

ఆ వెంటనే ఇంకొకటి తగిలింది. నాలుక రెండు పక్కలా, పాత రాగి నాణెం చప్పరించినట్టు. చిలుము. సందేహం లేదు. చెయ్యి దానంతటది రుమాలు తీసింది. ఉమ్మేశాను.

ప్రభువు బల్ల దగ్గర, మోకాళ్ళ మీద, సంఘమంతా చూస్తుండగా, ట్రే పట్టుకున్న మా నాన్న కళ్ళెదుట.

భూమి నోరు తెరిస్తే దూరిపోదామనిపించింది. ఊరుకుంటే నా ఒక్కదాని పరువే పోతుంది. నోరు విప్పితే నాన్నది పోతుంది. కానీ అప్పటికే మరియమ్మత్త గ్లాసు పెదాల దాకా ఎత్తింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. రసం తెల్లచీర మీద ఒలికింది.

"తాగొద్దత్తా!"

"ఏంటమ్మా ఇది?" అయ్యగారు గిరుక్కున వెనక్కి తిరిగారు.

"రసంలో చిలుము దిగిందండి అయ్యగారూ. ఎవ్వరూ తాగొద్దండి."

నాన్న ట్రేని వెనక్కి లాక్కున్నాడు. ఆయన నన్ను చూసిన చూపుకి నేను తల దించుకున్నాను.

అయ్యగారు బల్ల ఆపించి పాట ఎత్తించారు. సగంమందికి గొంతు కలవలేదు. అప్పటికే తాగిన మగవాళ్ళలో కొందరికి మధ్యాహ్నానికి కడుపులో తిప్పి వాంతులయ్యాయి. ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి ఉప్పు పంచదార నీళ్ళు తాగించాడు. చీకటి పడేసరికి అందరూ లేచి తిరిగారు. పిల్ల ఆపబట్టి సరిపోయిందని ఒకరిద్దరన్నారు. మిగిలిన పేటంతా మాస్టారి కూతురు ప్రభువు రక్తాన్ని ఉమ్మిందన్న మాటే.

సాయంత్రం సంఘంలోని మిగతా పెద్దలు ఇంటికొచ్చారు. నాన్న వాళ్ళకి కుర్చీలు వేసి తాను నిలబడ్డాడు.

"చుక్క నోట్లో పడగానే చిలుమని ఎలా తెలిసిందమ్మా నీకు? తాగినవాళ్ళెవరికీ తెలీలేదే" అన్నాడు ఒకాయన.

"నా పని అదేనండి. రుచులు చూడటం."

"ఏం రుచులు?"

జీడిమామిడి రసమండి అంటే సరిపోయేది. నాన్న నా వంకే చూస్తున్నాడు. ఆ కళ్ళెదుట రెండోసారి ఆ మాట అనలేకపోయాను. "ఈమధ్య ఆస్ట్రేలియా వైన్ కూడా చూశామండి" అన్నాను.

"అదీ సంగతి! మాస్టారూ, అమ్మాయికి అక్కడ తాగుడు నేర్పుతున్నారన్నమాట. అలవాటైన నోటికి బల్ల రసం ఏం ఆనుతుంది చెప్పండి?"

ఆ మాటకి నాకు ఒళ్ళు మండి ఉండాలి. మండలేదు. పలచన, బాడీ లేదు అని నా నాలుక అన్న సంగతి నాకు తెలుసు కదా. ఆయన గురిచూసి కొట్టలేదుగాని సరిగ్గా అక్కడే తగిలింది.

నాన్న నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "రసం పెట్టింది నేను. గిన్నె నాది, తప్పు నాది. అమ్మాయి జోలికి రాకండి" అని, చర్చి బీరువా తాళంచెవి మొలతాడు నుంచి విప్పి వాళ్ళ చేతిలో పెట్టాడు. ఆ తాళంచెవి లేకుండా నాన్నని నేనెప్పుడూ చూడలేదు.

వాళ్ళు వెళ్ళాక పెరట్లోకి వెళితే, నూతి పక్కన ఇత్తడి గిన్నె బోర్లించి ఉంది. లోపల కళాయి ఎక్కడికక్కడ లేచిపోయి ఆకుపచ్చ మచ్చలు. స్టీలు సామాన్లు వచ్చాక కళాయి పోసేవాడు మా వీధికి రావడం మానేశాడు. వడగట్టిన పులుపు రసం కొన్నిరోజులు అందులో ఉంది.

"ఒక్కసారి నోట్లో వేసుకుని చూడాల్సింది నాన్నా" అన్నాను.

"బల్ల మీదికి వెళ్ళేదాన్ని ముందే ఎంగిలి చేస్తామా అమ్మాయ్? మీ అమ్మ కూడా ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యలేదు" అన్నాడు. నేను మర్నాడు రైలెక్కాను.

అమ్మ తిరిగొచ్చి సంగతి విని తల బాదుకుందట. "చూడకుండా జనానికి ఎలా పోయిస్తానయ్యా? ప్రతిసారీ వేలు ముంచి నాక్కునేదాన్ని. నీకు చెబితే ఊరుకుంటావా?" అందట. ఇన్నేళ్ళు సంఘానికి ఎంగిలి రసం పోశానా అని నాన్న రెండురోజులు అన్నం సరిగ్గా తినలేదని అమ్మే తరవాత చెప్పింది.

బాపట్లలో హెలెన్ గారికి చెప్పి ఏడిచాను. ఆవిడకి కోపం వచ్చింది. "అంతమందికి విషం తగలకుండా ఆపావు. ఏడుపెందుకు?" అన్నారు. దేనికి ఏడుస్తున్నానో ఆవిడకి కూడా చెప్పలేదు. ఆవిడ నేర్పిన రుచితోనే నేను నాన్నని కొలిచానని ఎలా చెప్పను? ఆ మరుసటి నెల వెళ్ళిపోతూ ఒక షిరాజ్ సీసా నాకోసం స్టోరు గదిలో దాచి వెళ్ళారు. దాన్ని ముట్టుకోలేదు.

ఏడాది తిరిగింది. ఆ ఏడాదంతా ట్రే వేరేవాళ్ళు పట్టుకున్నారు. రసం పట్నం నుంచి సీసాల్లో తెప్పించారు. నేను పండుగలకి ఇంటికి వెళ్ళలేదు, పని ఉందని రాసేదాన్ని. మళ్ళీ ఈస్టర్ దగ్గరపడ్డ రోజుల్లో ఒక మధ్యాహ్నం నాన్న మా ఆఫీసుకి వచ్చాడు. చేతిసంచిలో తడిగుడ్డ చుట్టిన చిన్న సీసా.

"కొత్త జాడీలో పెట్టాను. అయ్యగారు మళ్ళీ ట్రే పట్టమంటున్నారు. నువ్వు చూసి సరేనంటేనే పడతానన్నాను" అన్నాడు.

"ఎంగిలవుతుంది కదా నాన్నా."

"రుచి చూడమనట్లేదు. పరీక్ష చెయ్యమంటున్నా" అన్నాడు, బడిలో అన్నట్టే. కూర్చుని చుట్టూ చూశాడు. "ఆ ఆస్ట్రేలియాది ఉందా ఇంకా?"

"ఒకటుంది నాన్నా. దేనికి?"

"రెండూ పక్కపక్కన పెట్టు."

సీసా తీశాను. ఫ్లాస్కుల్లో పోశాను. ఒకటి చిక్కటి నేరేడు రంగు. ఒకటి కిటికీ ఊచలు అవతల్నించి కనిపించే పలచటి ఎరుపు. నాన్నది తీసుకుని వాసన చూశాను, నోట్లో పోసుకున్నాను. ఉమ్మే జాడీ మోచేతి దగ్గరే ఉంది. నాన్న దాని వంక చూడకుండా ఉండటానికి కిటికీ బయటికి చూస్తున్నాడు. మింగాను.

"చిలుము లేదు నాన్నా. నిశ్చింతగా ఇవ్వొచ్చు."

"అది సరే. మార్కులు?"

నేను ఫ్లాస్కుని మళ్ళీ వెలుతురుకి ఎత్తాను.

"నా జీవితమంతా పిల్లల పలకల మీద మార్కులు వేశాను అమ్మాయ్. మార్కులు వేసే ముఖం నాకు తెలీదా? ఆరోజు నువ్వు ఉమ్మకముందే వేశావు. తక్కువే వేశావు. ఉమ్మినందుకు నాకు బాధేం లేదు, చిలుము చిలుమే. అంతకుముందుదే" అన్నాడు.

ఏడాదిగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది మొదటినుంచీ ఆయన దగ్గరే ఉంది. నాకు ఏడుపు కూడా రాలేదు, అంత సిగ్గేసింది. ఊళ్ళోవాళ్ళు అన్న మాటలన్నీ కలిపినా ఇంత లేదు.

నాన్న షిరాజ్ ఫ్లాస్కు అందుకున్నాడు. జీవితంలో మందు ముట్టని మనిషి. నేను ఆపబోయేలోపే కొంచెం నోట్లో పోసుకుని, పెదాలు సున్నాలా చుట్టి, చర్చిలో నేను చేసిన చప్పుడే చేశాడు. సగం గాలి, సగం దగ్గు. కళ్ళనీళ్ళు తుడుచుకుని, జాడీ వెతుక్కుని బుద్ధిగా ఉమ్మాడు.

"వగరు" అన్నాడు. కాసేపాగి, "దాని వెనకాల ఇంకేదో ఉంది. నేరేడుపండా?"

"అవును నాన్నా."

"గట్టిదే. దీనికే ఎక్కువ వెయ్యాలి, నేనైనా అంతే వేస్తాను. కానీ బల్ల దగ్గర మనకి పరీక్ష లేదమ్మా." సీసాకి తడిగుడ్డ జాగ్రత్తగా చుట్టుకుని సంచిలో పెట్టుకున్నాడు. నాలుగింటి రైలు అందుకోవాలని లేచాడు.

తరవాత చాలా ఏళ్ళు ఆ ఉద్యోగం చేశాను. జీడిమామిడి రసం సంగతి తేలింది, వగరు మరీ చంపకుండా కొంచెం ఉంచితేనే జనానికి నచ్చిందని రాశాం. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలకి రుచి చూడటం, ఉమ్మడం నేర్పాను. నాలుకని ఎక్కడ బయట వదిలిపెట్టి లోపలికి వెళ్ళాలో మాత్రం నేర్పలేకపోయాను. అది నాకే రాలేదు.

నాన్న సీసా తెచ్చిన ఆ ఏడు ఈస్టర్‌కి ఇంటికి వెళ్ళాను. మరియమ్మత్త నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది. వరసలో మోకరించాం. నాన్న ట్రే పట్టుకుని వచ్చాడు. గ్లాసు తీసుకుంటూ ఆయన ముఖం చూడలేదు. పెదాలు గట్టిగా బిగించి, గాలి పీల్చకుండా, ఒక్క గుటకలో మింగేశాను. అయినా నాలుక ఊరుకుంటుందా? పలచన, తీపి, ఫినిష్ లేదు అంది. కళ్ళు మూసుకుని, సిగ్గుతో మెడ దాకా వేడెక్కి, క్షమించు ప్రభువా అనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి నాన్న ఇంకా ముందుకు కదల్లేదు. తలెత్తాను. ఎన్ని వేశావన్నట్టు ఆయన కనుబొమలు ఎగరేసి, మరియమ్మత్త ముందుకు ట్రే వంచాడు.